అవి అచ్చుతప్పులు కావండీ!

యూసుఫ్‌గూడ చెక్‌పోస్టు దగ్గర ఓ నిమిషం ఆగి చుట్టూ చూడండి. సినిమా పోస్టర్లు, షాపుల బోర్డులు, ఆటోల వెనక రాతలు... అంత రద్దీలోనూ ఏ మాటకామాట విడిగా కనిపిస్తుంది. ఇప్పుడు ఇంటికెళ్లి అటక మీది పాత పెట్టె తెరవండి. ముత్తాతల నాటి పుస్తకం ఏదైనా ఉంటే తీయండి. అదీ తెలుగే. కానీ కళ్లు తడబడతాయి. మాటల మధ్య ఖాళీ ఉండదు. పద్యమేదో వచనమేదో తెలీదు. ‘ధర్మము’ ఉండాల్సిన చోట ‘ధమ౯ము’ ఉంటుంది. ‘అన్నీ తప్పులే’ అనుకుని పాత పేపర్లతో పాటు తూకానికి వేసేయకండి. అసలు సంగతి వేరే ఉంది.

తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు తెలుగునేల మీద పుట్టలేదు. మద్రాసులో మతప్రచారం చేసిన బెంజమిన్ షుల్జ్ 1746, 47ల్లో జర్మనీలోని హాలేలో వాటిని అచ్చు వేయించాడు. పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు అచ్చుకూటాలు ఊపందుకున్నాక మన కావ్యాలు, శతకాలు వరసగా వెలువడ్డాయి. వాటికి మూలం తాటాకు ప్రతులే. ఆకు మీద గంటంతో రాసేవాళ్లు మాటల మధ్య ఖాళీ వదిలేవారు కాదు, పద్యాన్ని పాదాలుగా విడగొట్టేవారు కాదు. తొలినాటి అచ్చులోనూ చాలావరకు అదే పద్ధతి. మొదట ‘క.’ అని ఉంటే కందం, ‘సీ.’ అంటే సీసం, ‘వ.’ అంటే వచనం. ఆ ఒక్క అక్షరంతో నడక పట్టుకుని పైకి చదువుకునేవారు. ఎక్కడ ఆగాలో చెప్పేది ఛందస్సే!

మరి ధర్మంలో ఆ తొమ్మిది అంకె ఏమిటంటారా? అది అంకె కాదు, వలపలగిలక. ‘వలపల’ అంటే కుడివైపు. అక్షరానికి కుడిపక్కన కూర్చుని, దానికంటే ముందు ‘ర్’ పలకమని చెబుతుంది. కన్నడంలో ఇలాంటి గుర్తు నేటికీ ఉంది.

అరసున్న, బండి ‘ఱ’ కూడా ఊరికే వచ్చినవి కావు. ‘ఏడు’ అంటే అంకె, ‘ఏఁడు’ అంటే సంవత్సరం. బియ్యంలో రాళ్లు ‘ఏరు’తాం, ఊరి పక్కన పారేది ‘ఏఱు’. ఇప్పుడు ఆ తేడాలన్నీ సందర్భాన్ని బట్టి గ్రహిస్తున్నాం. రాత తేలికైంది, నిజమే. కానీ ఆ గుర్తులు చదవగలిగే పెద్దవాళ్లు ఇంట్లో లేకపోతే పాత పుస్తకం చెత్తకాగితంలాగే కనిపిస్తుంది.

అందుకే అమ్మేసే ముందు ఒక్కసారి ఆగండి. పుస్తకం మీకు అక్కర్లేకపోతే, సుల్తాన్‌బజార్‌లో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం లాంటి గ్రంథాలయంలో అడిగి చూడండి. అంతకంటే ముందు ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఒక పద్యం పైకి చదివించండి. కంటికి అంతుపట్టనిది చెవికి ఇట్టే తెలిసిపోతుంది.