లక్షల పైకం ఆన్‌లైన్‌లో పుచ్చుకొనడం ఎట్లా?
ఖర్చు స్వల్పమే - చూసుకోవలసింది పైకం రాక, వచ్చిన చోటు

(మా వాణిజ్య విలేఖరి)

గుంటూరు: మిర్చి కాటా అయింది. టిక్కీలు లారీకెక్కాయి. ఉత్తరాది పార్టీ ‘‘పైకం వేశాం’’ అని ఫోను చేసి, సెల్‌ఫోనుకు రసీదు బొమ్మ ఒకటి పంపింది. డ్రైవరు తొందరపెడుతున్నాడు. లారీని వదలవచ్చునా? గుంటూరు యార్డులోనే కాదు, నిజామాబాద్ పసుపు బజారులోను, వరంగల్ ఏనుమాముల మార్కెట్టులోను వర్తకులకు నిత్యం ఎదురయ్యే ప్రశ్న ఇది.

పెద్ద మొత్తాలు ఆన్‌లైన్‌లో రాబట్టుకొనే విషయం వచ్చినప్పుడు వర్తకులు ముందుగా అడిగేది బ్యాంకు ఛార్జీ ఎంత అని. సరైన మార్గం ఎంచుకుంటే పుచ్చుకొనేవారికి ఛార్జీ అసలు లేదనే చెప్పవచ్చు. నష్టం వచ్చేది వేరే చోట. పైకం రాకముందే వచ్చిందనుకొని సరుకు వదలడం ఒకటి; వచ్చిన పైకం ఎవరి ఖాతా నుంచి వచ్చిందో చూసుకోకపోవడం రెండవది. ఈ రెండవదాని సంగతి చాలామందికి ఖాతా నిలిచిపోయిన తరువాత గాని తెలియడం లేదు.

డ్రాఫ్టుల రోజులు పోయాయి

ఒకప్పుడు దూరపు పార్టీల నుంచి పైకం హుండీల మీద వచ్చేది. తరువాత డిమాండు డ్రాఫ్టులు, టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్లు వచ్చాయి. డ్రాఫ్టుకు కమీషను, రాకకు రోజులు, ఈలోగా వడ్డీ - ఇవన్నీ ధరలో కలిసిపోయేవి. రిజర్వు బ్యాంకు 2004 మార్చిలో ఆర్.టి.జి.ఎస్. పద్ధతిని, 2005 నవంబరులో నెఫ్ట్ పద్ధతిని ప్రవేశపెట్టిన తరువాత ఈ పరిస్థితి మారింది.

ఈ రెండింటికీ తేడా ఉన్నది. ఆర్.టి.జి.ఎస్.లో ఒక్కొక్క చెల్లింపు విడివిడిగా అప్పటికప్పుడే పరిష్కారమవుతుంది. కనీస మొత్తం రు. 2 లక్షలు; పైన పరిమితి లేదు. నెఫ్ట్‌లో అరగంటకొకసారి వంతున రోజుకు 48 విడతలుగా చెల్లింపులు పరిష్కారమవుతాయి. దీనికి కనీస మొత్తం లేదు. నెఫ్ట్ 2019 డిసెంబరు 16 నుంచి, ఆర్.టి.జి.ఎస్. 2020 డిసెంబరు 14 నుంచి సెలవు రోజులతో నిమిత్తం లేకుండా 24 గంటలూ పనిచేస్తున్నాయి. కనుక ‘‘ఈ రోజు ఆదివారం, బ్యాంకు లేదు, సరుకు పంపండి, రేపు వేస్తాం’’ అనే మాటకు ఇప్పుడు ఆధారం లేదు.

నగదు సంగతి చెప్పనక్కరలేదు. ఒక వ్యక్తి నుంచి ఒకే రోజున గాని, ఒకే లావాదేవీ కింద గాని రు. 2 లక్షలు, ఆపైన నగదుగా పుచ్చుకొనడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2017 ఏప్రిల్ 1 నుంచి నిషేధించింది. పుచ్చుకొన్నంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు.

పది లక్షల బిల్లుకు లెక్క

ఛార్జీల తేడా తెలియడానికి ఒక లెక్క చూద్దాం. లెక్క సౌలభ్యం కోసం టిక్కీకి 40 కిలోల వంతున 200 టిక్కీలు, అనగా 80 క్వింటాళ్ల మిర్చి, క్వింటాలు రు. 12,500 చొప్పున అమ్మారనుకుందాం. బిల్లు రు. 10 లక్షలు. సరుకు మీది పన్నును ఇక్కడ కలపలేదు.

కొనుగోలుదారు ఈ మొత్తాన్ని ఆర్.టి.జి.ఎస్. ద్వారా పంపితే, పుచ్చుకొనే వర్తకునికి ఛార్జీ ఏమీ లేదు. వచ్చే పైకం మీద బ్యాంకులు ఛార్జీ వసూలు చేయరాదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. పంపేవారి నుంచి కూడా రు. 2 లక్షల నుంచి 5 లక్షల వరకు రు. 24.50, రు. 5 లక్షలు దాటితే రు. 49.50 మించి తీసుకోరాదు. దీనిపై 18 శాతం జి.ఎస్.టి. అదనం. మన పది లక్షల బిల్లుకు పంపే పార్టీకి అయ్యే ఖర్చు గరిష్ఠంగా రు. 58.41. క్వింటాలుకు లెక్కిస్తే 73 పైసలు.

నెఫ్ట్‌లో అయితే రు. 2 లక్షలు దాటిన ఏ మొత్తానికైనా పంపేవారి ఛార్జీ రు. 25 మించరాదు, జి.ఎస్.టి.తో రు. 29.50. పుచ్చుకొనేవారికి ఇక్కడా ఛార్జీ లేదు.

అదే బిల్లును పార్టీ క్రెడిట్ కార్డు మీద చెల్లిస్తానంటే లెక్క తారుమారవుతుంది. క్రెడిట్ కార్డు కమీషనుకు నిర్ణీతమైన గరిష్ఠ పరిమితి లేదు. 2 శాతం అనుకుంటే రు. 20,000, దానిపై జి.ఎస్.టి. రు. 3,600, వెరసి రు. 23,600 వర్తకునికి రావలసిన దానిలో కోతపడుతుంది. క్వింటాలుకు రు. 295 అన్నమాట. బేరంలో క్వింటాలుకు వంద రూపాయల కోసం గంటసేపు పట్టుబట్టిన వర్తకుడు దీనిని చూసుకోకపోతే ఆ బేరం వృథా. పైగా కార్డుదారు తరువాత అభ్యంతరం లేవదీస్తే, జమ అయిన పైకాన్ని బ్యాంకు వెనక్కు తీసుకొనే అవకాశం కూడా ఉన్నది. ఆర్.టి.జి.ఎస్.లో పరిష్కారమైన చెల్లింపును పంపినవారు తమంత తాము రద్దు చేయలేరు.

డెబిట్ కార్డు విషయంలో ఏడాదికి రు. 20 లక్షలు దాటిన అమ్మకాలున్న వర్తకునికి కమీషను 0.90 శాతం మించరాదని, ఏ లావాదేవీకైనా రు. 1,000 దాటరాదని 2018 జనవరి 1 నుంచి నిబంధన ఉన్నది. రూపే డెబిట్ కార్డుకు, యు.పి.ఐ.కి 2020 జనవరి 1 నుంచి ఈ కమీషను లేదు. అయితే సాధారణ వ్యాపార చెల్లింపులకు యు.పి.ఐ. పరిమితి రు. 1 లక్ష. పన్నులు, ఆసుపత్రులు, బీమా వంటి కొన్ని పద్దులకు మాత్రమే ఇది ఎక్కువ. చిల్లర బాకీల వసూలుకు యు.పి.ఐ. మంచిదే. పది లక్షలను పది ముక్కలుగా పుచ్చుకొంటే ఖాతా సరిచూసుకొనడం కష్టమవుతుంది. రు. 5 లక్షల వరకు వెంటనే చేరే ఐ.ఎం.పి.ఎస్. కూడా ఉన్నది, పంపేవారికి దాని ఛార్జీ బ్యాంకును బట్టి మారుతుంది.

కనుక లారీ లోడు లావాదేవీలకు ఆర్.టి.జి.ఎస్.ను మించిన మార్గం లేదనవచ్చు.

వచ్చినట్లు ఎప్పుడు?

సెల్‌ఫోనులో కనిపించే రసీదు బొమ్మ పైకం వచ్చినట్లు రుజువు కాదు. అటువంటి బొమ్మను తయారుచేయడం క్షణాల పని. బొమ్మ నిజమైనదే అయినా, అది మరునాటికి వాయిదా వేసిన ఉత్తరువు కావచ్చు. పార్టీ సంస్థలో రెండవ భాగస్వామి ఆమోదం కోసం నిలిచి ఉన్నది కావచ్చు. రసీదుపై ఉండే యు.టి.ఆర్. నంబరు కూడా తనంతట తాను రుజువు కాదు. ఆలస్యమైనప్పుడు బ్యాంకులో వాకబు చేయడానికి అది పనికివస్తుంది. ఆర్.టి.జి.ఎస్. సందేశం అందిన 30 నిమిషాలలో పుచ్చుకొనేవారి బ్యాంకు జమ చేయాలి. అంతకు మించి ఆలస్యమైతే అనుమానించి ఆరా తీయవలసిందే.

ఎస్.ఎమ్.ఎస్. సందేశాన్ని కూడా నమ్మరాదు. తన ఖాతాను తానే తెరిచి, లేదా బ్యాంకుకు తానే ఫోను చేసి చూసుకోవాలి. చూసేటప్పుడు కూడా ‘మొత్తం నిలవ’ను కాక ‘వాడుకోదగిన నిలవ’ను చూడాలి. ఎందుకంటే, మోసగాళ్లు వర్తకుని ఖాతాలో చెక్కు జమచేసి, ఆ మొత్తం నిలవలో కనిపించగానే ఆర్.టి.జి.ఎస్. చేశామని నమ్మించే ఎత్తుగడ ఒకటి ఉన్నది. చెక్కు తిరిగివచ్చేసరికి లారీ రాష్ట్రం దాటిపోతుంది.

‘‘పొరపాటున లక్ష ఎక్కువ పడింది, ఫలానా ఖాతాకు తిప్పి పంపండి’’ అనేది మరొక ఎత్తుగడ. నిజంగా ఎక్కువ వస్తే, బ్యాంకుకు వ్రాసి, వచ్చిన ఖాతాకే తిప్పి పంపాలి. మరొక ఖాతాకు పంపరాదు. పైకం పుచ్చుకొనడానికి రహస్య నంబరు గాని, ఓ.టి.పి. గాని ఏనాడూ అవసరం లేదన్నది గుమాస్తాలకు కూడా చెప్పి ఉంచాలి.

ఎవరి ఖాతా నుంచి?

ఇప్పుడు వర్తకులను ఎక్కువగా ఇరుకున పెడుతున్నది ఈ విషయం. కొత్త పార్టీ సరుకు కొంటుంది. పైకం సక్రమంగానే వస్తుంది. కాని ఆ పార్టీ ఖాతా నుంచి కాక, ముక్కూ మొగం తెలియని మూడవ మనిషి ఖాతా నుంచి వస్తుంది. ‘‘మాకు వారు బాకీ, వారిచేత నేరుగా వేయించాం’’ అంటారు. పాత బజారు పద్ధతిలో ఇది మామూలే గనుక వర్తకుడు పట్టించుకోడు.

ఆ పైకం ఎక్కడో సైబర్ మోసంలో పోగొట్టుకొన్నవారిది కావచ్చు. బాధితుడు 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు ఇస్తాడు. ఆ మొత్తం ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు పోయిందో బ్యాంకులు వరుసగా వెదుక్కుంటూ వస్తాయి. గొలుసులో మన వర్తకుని ఖాతా ఉంటే ఆ మొత్తం మీద, ఒక్కొక్కసారి మొత్తం ఖాతా మీదనే, నిలుపుదల పడుతుంది. ఫిర్యాదు వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి పోలీసులకు సమాధానం చెప్పుకోవాలి. సరుకు పోయింది, పైకం చిక్కుకున్నది. ఈలోగా కాయలు అమ్మిన రైతు తన డబ్బుకోసం కొట్టు ముందు నిలబడతాడు. హమాలీల కూలి ఆగదు. ఇచ్చిన చెక్కులు తిరిగిపోతాయి. క్వింటాలుకు 73 పైసల ఖర్చుతో తేలిపోవలసిన వ్యవహారం పరువు పోయేదాకా వస్తుంది.

దీనికి విరుగుడు ఖాతాలో పైకం పడకముందే చేసుకోవాలి. బేరం కుదిరినప్పుడే, పైకం కొనుగోలు సంస్థ పేరిట ఉన్న ఖాతా నుంచే రావాలని రాతమూలకంగా చెప్పాలి. పంపేటప్పుడు బిల్లు నంబరు వేయమనాలి. జి.ఎస్.టి. నంబరులోని పేరు, బిల్లులోని పేరు, పైకం పంపిన ఖాతా పేరు - మూడూ ఒకటిగా ఉంటేనే లారీ కదలాలి. మూడవ మనిషి ఖాతా నుంచి వచ్చిందని తేలితే సరుకు ఆపి, ఆ రోజే బ్యాంకుకు వ్రాయాలి. బిల్లు, ఇ-వే బిల్లు, లారీ రసీదు, కాటా చీటీ ఒకే చోట భద్రపరచాలి. పేచీ వచ్చినప్పుడు సరుకు నిజంగా అమ్మామని రుజువు చేసేవి ఇవే.

వసూళ్లకు ఒక కరెంటు ఖాతా, రైతులకూ కూలీలకూ చెల్లింపులకు మరొకటి ఉంచుకొనడం కూడా మంచిది. ఇది పూర్తి రక్షణ కాదు. గొలుసు రెండవ ఖాతా దాకా రావచ్చు. అయినా మొత్తం పెట్టుబడి ఒకే చోట చిక్కుకొనే ప్రమాదం తగ్గుతుంది. అనేక పార్టీలతో వ్యవహరించే కమీషను ఏజెంట్లకు పార్టీకొక ప్రత్యేక నంబరు ఇచ్చే ‘వర్చువల్ ఖాతా’ సదుపాయాన్ని కొన్ని బ్యాంకులు కల్పిస్తున్నాయి. ఏ పైకం ఎవరిదో దీనివల్ల వెంటనే తెలుస్తుంది.

ఖాతా నంబరు మారిందంటే

మోసం ఎదుటివైపు కూడా జరగవచ్చు. వర్తకుని ఈ-మెయిలులో దొంగలు చొరబడి, ‘‘మా ఖాతా మారింది, ఇకపై ఈ నంబరుకు పంపండి’’ అని పార్టీకి ఉత్తరం వ్రాస్తారు. పార్టీ నమ్మి పంపుతుంది. బ్యాంకులు జమ చేసేది ఖాతా నంబరును బట్టే గాని పేరును బట్టి కాదు. నంబరు తప్పయితే పైకం పోయినట్లే.

దీని నివారణకు, నెఫ్ట్, ఆర్.టి.జి.ఎస్. పంపేముందు ఖాతాదారు పేరు కనిపించే సదుపాయాన్ని 2025 ఏప్రిల్ 1 నాటికి కల్పించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. దీనికి ఛార్జీ లేదు. కొనుగోలుదారును ఈ పేరు చూసుకొనే పంపమని కోరాలి. ఖాతా మారిందన్న మాట ఎటునుంచి వచ్చినా, పాత ఫోను నంబరుకు మాట్లాడి గాని నమ్మరాదని ముందే ఒడంబడిక చేసుకోవాలి. మోసం జరిగినట్లు తెలిసిన మరుక్షణం బ్యాంకుకు, 1930కి చెప్పాలి. గంటలు గడిచేకొద్దీ పైకం చేతులు మారిపోతుంది.

మొదటి ప్రశ్నకు జవాబు ఇదే. పైకం తన ఖాతాలో వాడుకోదగిన నిలవగా కనిపించాలి. పంపిన ఖాతా పేరు బిల్లులోని పేరు కావాలి. ఈ రెండూ సరిపోతే లారీని వదలవచ్చు. లేకపోతే డ్రైవరుకు ఒక పూట బత్తా ఇచ్చి ఆపుకొనడమే చవక.