బాలల విజ్ఞాన ప్రయోగాలు

ఇంట్లోను, బడిలోను సులభంగా దొరికే వస్తువులతో చిన్న పిల్లలు స్వయంగా చేసి చూడగల ప్రయోగాలను బాలల విజ్ఞాన ప్రయోగాలు అంటారు. వీటికి ప్రత్యేకమైన ప్రయోగశాల గాని, ఖరీదైన పరికరాలు గాని అవసరం లేదు. ఈ వ్యాసంలో తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో చేయదగిన కొన్ని ప్రయోగాలు, ఆ ప్రాంతంలో ఈ దిశగా జరిగిన కృషి వివరించబడినవి.

నేపథ్యం

రెండవ ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న దేశాలలో బడుల ప్రయోగశాలలు నాశనమైనపుడు, అందుబాటులో ఉన్న వస్తువులతోనే విజ్ఞానశాస్త్రం ఎలా బోధించవచ్చునో తెలిపే చిన్న పుస్తకాన్ని యునెస్కో 1948లో ప్రచురించింది. అదే విస్తరించి 1956లో ఉపాధ్యాయుల మూలగ్రంథంగా వెలువడి, అనేక భాషలలోకి అనువదించబడింది. భారతదేశంలో 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బడులతో మొదలైన విజ్ఞాన బోధన కార్యక్రమం ఇదే పద్ధతిని గ్రామీణ బడులకు తీసుకువెళ్లింది. 2002 వరకు ఆ కార్యక్రమం కొనసాగింది. పనికిరాని వస్తువులతో ఆటబొమ్మలు తయారుచేయడంలో పేరుపొందిన అరవింద్ గుప్తా ఆ కార్యక్రమం నుండే స్ఫూర్తి పొందారు. ఆయన పుస్తకాలు కొన్ని తెలుగులోనూ లభిస్తున్నాయి.

వంటింటి వస్తువులతో

పసుపును నీటితో ముద్ద చేసి తెల్లకాగితానికి పూసి ఆరబెట్టవలెను. దానిపై సబ్బునీటి చుక్క వేస్తే ఆ చోట ఎర్రబడుతుంది. ఆ ఎరుపుపై నిమ్మరసం గాని చింతపండు రసం గాని వేస్తే మళ్లీ పసుపు రంగు వస్తుంది. పసుపులోని కుర్కుమిన్ అనే పదార్థం క్షారాలలో ఎర్రగాను, ఆమ్లాలలో పసుపుగాను ఉండటమే దీనికి కారణం. పెళ్లిళ్లలో పాదాలకు పూసే పారాణి పసుపు, సున్నం కలిపి చేసేదే కాబట్టి ఈ రంగు మార్పు తెలుగువారికి కొత్త కాదు. మందార పూల రసం ఇంకొంచెం ముందుకు వెళుతుంది: ఆమ్లంలో ఎర్రగాను, క్షారంలో ఆకుపచ్చగాను మారుతుంది.

చిత్తూరు ప్రాంతంలో విరివిగా పండే వేరుశనగ కూడా మంచి ప్రయోగ వస్తువే. ఒక తడిగుడ్డలో నానబెట్టిన పచ్చి విత్తనాలను, మరొక గుడ్డలో వేయించిన విత్తనాలను మూటకట్టి, గుడ్డ ఆరిపోకుండా చూడవలెను. కొద్ది రోజులలో పచ్చివి మొలకెత్తుతాయి, వేయించినవి మొలకెత్తవు. ఒకే ఒక్క విషయంలో తేడా ఉంచి మిగిలినవన్నీ సమానంగా ఉంచడం అనే ప్రయోగ సూత్రాన్ని ఇంతకన్నా తేలికగా చెప్పడం కష్టం. మొలకను నాటి పెంచితే, పూత తరువాత ఊడలు నేలలోకి దిగి అక్కడ కాయలు కాయడం కూడా చూడవచ్చును.

కొవ్వొత్తి, నీరు

ఇది చాలామంది ఎరిగిన ప్రయోగం. పళ్లెంలో కొద్దిగా నీరు పోసి, మధ్యలో వెలుగుతున్న కొవ్వొత్తిని నిలిపి, దానిపై గాజుగ్లాసు బోర్లించాలి. కొద్దిసేపట్లో మంట ఆరిపోయి, నీరు గ్లాసులోకి ఎక్కుతుంది. గాలిలో అయిదవ వంతు ఉన్న ఆక్సిజన్ ఖర్చు కావడం వలన ఆ ఖాళీని నీరు నింపుతుందని తరచుగా చెబుతుంటారు. ఈ వివరణ సరైనది కాదు. మండిన ఆక్సిజన్ స్థానంలో బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి ఏర్పడతాయి. పైగా గ్లాసులో ఇంకా చాలా ఆక్సిజన్ మిగిలి ఉండగానే మంట ఆరిపోతుంది.

అసలు కారణం వేడి. మంట వలన గ్లాసులోని గాలి వ్యాకోచించి, కొంత గాలి అంచుల క్రింద నుండి బుడగలుగా బయటికి పోతుంది. మంట ఆరగానే మిగిలిన గాలి చల్లబడి సంకోచిస్తుంది, నీటి ఆవిరి కూడా ద్రవీభవిస్తుంది. అప్పుడు బయటి గాలి పీడనం నీటిని లోపలికి నెడుతుంది.

దీనిని పిల్లలే తేల్చుకోవచ్చును. నీటిలో కొంచెం సబ్బు కలిపితే బయటికి వచ్చే బుడగలు స్పష్టంగా కనబడతాయి. నీరు ఎప్పుడు వేగంగా ఎక్కుతున్నదో గమనిస్తే, అది మంట ఆరిన తరువాతనే అని తెలుస్తుంది. అదే గ్లాసులో మూడు కొవ్వొత్తులు వెలిగిస్తే నీరు ఇంకా పైకి ఎక్కుతుంది. ఆక్సిజన్ మాత్రం మూడింతలు కాలేదు కదా! అసలు మంటే లేకుండా, వేడినీటితో తొలిచిన గ్లాసును చల్లని నీటిలో బోర్లించినా నీరు కొంత ఎక్కుతుంది. ఉపాధ్యాయుడు ముందుగానే జవాబు చెప్పివేస్తే ఈ గమనికలేవీ జరగవు, తప్పు వివరణ కంఠస్థం అవుతుంది.

నీడ మాయమయ్యే రోజు

సూర్యుడు రోజూ మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన ఉంటాడని చాలామంది అనుకుంటారు. కర్కట, మకర రేఖల మధ్య ఉన్న ఊళ్లలో సంవత్సరానికి రెండు రోజులు మాత్రమే అలా జరుగుతుంది. సుమారు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్న తిరుపతిలో ఆ రోజులు ఇంచుమించుగా ఏప్రిల్ 26, ఆగష్టు 16. గడియారంలో పన్నెండు గంటలకు కాక, ఏప్రిల్‌లో దాదాపు 12 గంటల 10 నిమిషాలకు, ఆగష్టులో దాదాపు 12 గంటల 17 నిమిషాలకు నిటారుగా పాతిన కర్రకు నీడ కనబడదు. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని అనుసరిస్తుంది, తిరుపతి దానికి పడమరగా ఉన్నది. ఆలస్యానికి ముఖ్య కారణం ఇదే.

తిరుపతికి దక్షిణంగా ఉన్న కుప్పంలో ఇది ఏప్రిల్‌లో రెండు మూడు రోజులు ముందుగాను, ఆగష్టులో రెండు మూడు రోజులు ఆలస్యంగాను వస్తుంది. సూర్యుడు ఉత్తరానికి వెళ్లేటపుడు కుప్పాన్ని ముందు దాటి, తిరిగి వచ్చేటపుడు తిరుపతిని ముందు దాటడం వలన ఇలా జరుగుతుంది.

ఏప్రిల్ రోజు సాధారణంగా వేసవి సెలవులలో పడుతుంది, ఆగష్టులో మబ్బులు అడ్డురావచ్చు. అయినా నిరాశ పడనక్కరలేదు. ఈ రెండు తేదీల మధ్య తిరుపతిలో మధ్యాహ్నపు నీడ దక్షిణం వైపు, మిగిలిన సంవత్సరమంతా ఉత్తరం వైపు పడుతుంది. కాబట్టి జూన్, జూలై నెలలలో ఎండ కాసిన ఏ రోజైనా బడి ఆవరణలో ఒక కర్ర పాతి చూడవచ్చును.

ఈ ప్రాంతంలో కృషి

బ్యాంకు ఉద్యోగిగా పనిచేసిన రాంజీ రాఘవన్ 1999లో ప్రారంభించిన అగస్త్య ఫౌండేషన్‌కు కుప్పం సమీపంలో 172 ఎకరాల ఆవరణ కలదు. ఈ సంస్థ ప్రయోగ సామగ్రిని వాహనాలలో ప్రభుత్వ బడుల వద్దకే తీసుకువెళుతుంది. పిల్లలే తోటిపిల్లలకు ప్రయోగాలు చేసి చూపడం దీని ప్రత్యేకత. 2022 వరకు చిత్తూరు జిల్లాలో ఉన్న మదనపల్లెకు సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం, ఒకే ఉపాధ్యాయుడు ఉన్న బడులకొరకు కార్డులతో కూడిన స్వయంబోధన సామగ్రిని రూపొందించింది. తిరుపతిలో అలిపిరి వైపు జాతీయ విజ్ఞాన ప్రదర్శనశాలల మండలికి చెందిన ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉన్నది. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక చెకుముకి అనే బాలల విజ్ఞాన పత్రికను నడుపుతున్నది.

జాగ్రత్తలు

మంటతో చేసే ప్రయోగాల వద్ద పెద్దవారు తప్పక ఉండాలి. నీడ ప్రయోగంలో సూర్యుని వైపు నేరుగా చూడరాదు. పసుపు ప్రయోగానికి సున్నం బదులు సబ్బు వాడటమే మేలు. సున్నం కంటిలో పడితే చూపుకే ప్రమాదం. వెంటనే ధారాళంగా నీటితో చాలాసేపు కడిగి, వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి.