మీకు తెలుసా? అమీర్‌పేట రద్దీ వెనుక లెక్కలు

• హైదరాబాద్‌లో మియాపూర్–ఎల్బీ నగర్, నాగోల్–రాయదుర్గం మెట్రో లైన్లు కలిసేది అమీర్‌పేటలోనే. స్టేషన్ దాటి బయటికి రాకుండానే రైలు మారవచ్చు.

• హైదరాబాద్ మెట్రో 2017 నవంబరు 29న నాగోల్–అమీర్‌పేట–మియాపూర్ మధ్య 30 కిలోమీటర్ల మేర ప్రయాణికులకు అందుబాటులోకి వచ్చింది. అమీర్‌పేట నుంచి పంజగుట్ట మీదుగా ఎల్బీ నగర్‌కు 2018 సెప్టెంబరులో, హైటెక్ సిటీకి 2019 మార్చిలో రైళ్లు మొదలయ్యాయి.

• రోడ్డు వెడల్పు చేస్తే రద్దీ తీరుతుందా? కొన్నాళ్లే! దారి ఖాళీగా కనిపిస్తే బస్సులో వెళ్లేవాళ్లూ, వేరే వేళల్లో, వేరే దారుల్లో తిరిగేవాళ్లూ అటే బండి తిప్పుతారు. అమెరికా ఆర్థికవేత్త ఆంథనీ డౌన్స్ ఈ సంగతిని 1962లోనే చెప్పాడు.

• అందుకే కొన్ని నగరాలు రోడ్లు వేయడంతో పాటు ప్రయాణాలనూ అదుపు చేస్తున్నాయి. సింగపూర్ 1975లోనే రద్దీ వేళ నగర కేంద్రంలోకి వచ్చే కార్లకు రుసుం పెట్టింది.

• అమీర్‌పేటలోని మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్ల విద్యార్థులూ ఉద్యోగులూ ఒకే వేళకు రోడ్డెక్కితే కూడళ్లు నిండిపోతాయి. బ్యాచ్‌ల వేళలు అటూ ఇటూ జరిపితే, కొత్త ఫ్లైఓవర్ కట్టకుండానే ఆ ఒత్తిడి కొంత తగ్గుతుంది.