కణాలకూ ఉంది విత్తనపు గాదె

ముక్తేశ్వరం పరిసరాల వరి రైతుకు విత్తనపు వడ్లను తిండిగింజల్లో కలపకూడదని ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ ఏటి కల్తీ వచ్చే ఏటి పంటలో బయటపడుతుంది. కణాలతో పనిచేసే ప్రయోగశాలదీ అదే లెక్క. మనలో ఎందరో వేయించుకున్న కోవాగ్జిన్‌నే చూడండి. హైదరాబాదు జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ ఈ టీకాకు కావలసిన వైరస్‌ను వీరో కణాల్లో పెంచింది. 1962లో జపాన్ శాస్త్రవేత్తలు ఆఫ్రికా ఆకుపచ్చ కోతి మూత్రపిండం నుంచి తీసిన కణాల సంతతే ఈ వీరో కణాలు. దాదాపు 60 ఏళ్ల తర్వాత కూడా వాటిని నమ్మి వాడగలిగామంటే, కణాలను గడ్డకట్టించి దాచే విద్య ఉండబట్టే.

కణాలు ఎలాగూ విభజన చెందుతాయి కదా, పెంచుకుంటూ పోతే సరిపోదా అనవచ్చు. సరిపోదు. తరాలు మారేకొద్దీ జన్యువుల్లో చిన్న చిన్న మార్పులు చేరుతాయి. కొన్నాళ్లకు గిన్నెలో ఉన్నవి మొదటివాటిలా నడుచుకోకపోవచ్చు. సూక్ష్మజీవి చొరబడితే మొత్తం పారబోయాల్సిందే. అందుకే తొలి తరాల కణాలను మూల నిల్వగా, వాటి నుంచి పెంచినవాటిని వాడకపు నిల్వగా వేరుచేసి దాస్తారు.

అలాగని ఫ్రీజరులో పడేస్తే బతకవు. కణంలో ఎక్కువ భాగం నీరే. మరీ వేగంగా చల్లారిస్తే లోపల మంచు పలుకులు పుట్టి పొరలు చెడతాయి. మరీ నెమ్మదిగా చల్లారిస్తే నీరు బయటికి పోయి కణం ఎండిపోతుంది. 1949లో ఇంగ్లండు శాస్త్రవేత్తలు కోడిపుంజు వీర్యకణాలను గ్లిజరాల్‌తో కాపాడి దారి చూపారు. 1959లో అలాగే కాపాడే డీఎంఎస్‌ఓ అనే ద్రవం తోడైంది. ఇప్పుడు సాధారణంగా 10 శాతం డీఎంఎస్‌ఓ కలిపి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లార్చి, ఆపైన మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని ఉన్న డబ్బాలో ఉంచుతారు. బయటికి తీశాక మాత్రం 37 డిగ్రీల వేడిలో త్వరగా కరిగించాలి. కరెంటు పోయినా ఆ డబ్బా చల్లదనం పోదు. ఆవిరయ్యే నత్రజనిని మాత్రం నింపుతూ ఉండాలి.

ఇంత చేసినా, ఆ చలి కల్తీని కూడా అంతే భద్రంగా దాస్తుందన్న అభ్యంతరం ఉంది. అది నిజమే. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే మహిళ క్యాన్సర్ గడ్డ నుంచి పెంచిన హీలా కణాలు, వేరే పేర్లున్న ఎన్నో కణాల స్థానాన్ని ఆక్రమించాయని 1960లలో తేలింది. అది గడ్డకట్టించడంలోని లోపం కాదు, ముందుగా పరీక్షించకపోవడంలోని లోపం. డీఎన్ఏ సరిచూసి, మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి లేదని తేల్చుకున్నాకే దాచాలి. చీటీ లేని విత్తనపు బస్తాను రైతు మడిలో చల్లడు. పరీక్ష కాని కణాల సీసాను పరిశోధకుడూ తెరవకూడదు.