పెరట్లో వాన నీటి కుంట: తవ్వే ముందు అలుగు ఎటో చూసుకోండి

మా పెరట్లో కుంట చూపించినప్పటి నుంచి చాలామంది అడుగుతున్నది ఒకటే: "ఎంత లోతు తవ్వాలి అన్నా?" లోతు గురించి చెప్తా. కానీ అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. కుంట నిండాక మిగిలిన నీళ్లు ఎటు పోతాయి?

మొదటిసారి నేను అది ఆలోచించలేదు. ఓ ఆదివారం గునపం, పార పట్టుకుని తవ్వేశా. పట్టా పరిచి, డాబా మీంచి వచ్చే పైపు అటు తిప్పేశా. పది రోజులకి రాత్రంతా వాన. తెల్లారేసరికి కుంట పొంగి, నీళ్లు ప్రహరీ కింద నుంచి పక్కింట్లోకి వెళ్లాయి. ఆంటీ వాళ్ల బియ్యం బస్తా తడిసిపోయింది. ఆవిడ ఒక్క మాట అనలేదు. మా అమ్మ మాత్రం వారం రోజులు అంటూనే ఉంది.

తప్పు ఎక్కడుందో లెక్క వేస్తే తెలిసింది. ఒక చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీళ్లు. 1,000 చదరపు అడుగుల డాబా అంటే 93 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్ల వాన పడితే, 20 శాతం వృథా తీసేసినా దాదాపు 3,700 లీటర్లు వస్తాయి. నా కుంట 2 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల లోతు. పట్టేది 1,800 లీటర్లే. ఒక్క రాత్రి వానకే సగం పైగా బయటికి వచ్చేసింది.

మన ఊరి చెరువులు చూడండి. చెరువుకి అలుగు ఉంటుంది. నిండగానే నీళ్లు అక్కడి నుంచి దిగువకి పోతాయి. కాకతీయుల కాలం నాటి గొలుసుకట్టు చెరువుల పద్ధతి ఇదే, ఒకదాని అలుగు నీళ్లు తర్వాతి చెరువుకి. పెరట్లో కుంటకీ అలుగు కావాల్సిందే.

ఎలా చేయాలంటే, ముందు లెవెల్ పైపుతో కుంట అంచు చుట్టూ మట్టం చూసుకోండి. ఒక్కచోట మాత్రం 5 సెంటీమీటర్లు తగ్గించి, అక్కడ 4 అంగుళాల పీవీసీ పైపు పెట్టండి. దాన్ని ఇంకుడు గుంతలోకి కలపండి. గుంతలో రాళ్లు నింపాక నీళ్లకి సగం చోటు కూడా మిగలదు, కాబట్టి అది కూడా నిండితే వాన నీళ్లు వీధి కాలువ వైపు పోయేలా వాలు ఉండాలి. కుంట, గుంత రెండూ ఏ ఇంటి గోడకైనా కనీసం 10 అడుగుల దూరంలో ఉంటే మంచిది.

ఇక మిగతావి. పంట కుంటల్లో వేసే 500 మైక్రాన్ల నల్ల షీట్ అయితే గట్టిగా ఉంటుంది. సీజన్‌లో మొదటి వాన నీళ్లలో డాబా మీది దుమ్ము, పక్షుల రెట్టలు వస్తాయి, అవి కుంటలోకి రానివ్వకండి. దోమ గుడ్డు పెద్ద దోమ అవ్వడానికి వారం, పది రోజులు చాలు. అందుకే గప్పీ చేపలు వేయండి, లార్వాని తినేస్తాయి. కానీ అలుగు పైపుకి జాలీ కట్టండి, ఆ చేపలు బయటి చెరువుల్లోకి పోకూడదు.

మే నెల ఎండకి రోజుకు సెంటీమీటరు దాకా ఆవిరైపోతుంది. 60 సెంటీమీటర్ల నీళ్లు రెండు నెలల్లో ఖాళీ అవ్వొచ్చు. కలువ ఆకులు సగం కప్పి ఉంటే కాస్త నయం.

ఇంట్లోగానీ పక్కింట్లోగానీ చిన్నపిల్లలుంటే, కుంట మీద గట్టి ఇనుప గ్రిల్ లేకుండా నీళ్లు నింపకండి. జానెడు నీళ్లు కూడా పసిపిల్లలకి ప్రాణాపాయమే.

చివరగా, గునపం పట్టుకునే ముందు ఒక పని చేయండి. అలుగు పెడదామనుకున్న చోట నాలుగు బకెట్ల నీళ్లు పోసి, ఎటు పారతాయో చూడండి. పక్కింటి వైపు పారితే, తవ్వాల్సిన చోటు అది కాదు. నేను అది చేసి ఉంటే ఒక బియ్యం బస్తా మిగిలేది. మీ పెరట్లో నీళ్లు ఎటు పారాయో కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి.