రెండక్షరాలకు 210 పౌండ్లు

లెస్టర్‌లో నా మొదటి ఉద్యోగం. ఏప్రిల్ నెలాఖరున పేస్లిప్ చేతికొచ్చింది. జీతం 1,500 పౌండ్లు. అందులో పన్ను కిందే 300 పోయాయి. గుండె గుభేలుమంది. పక్క సీటు అక్క స్లిప్పు అందుకుని, మూలనున్న రెండక్షరాల పన్ను కోడ్ మీద వేలు పెట్టింది: బీఆర్.

"నీకింకో ఉద్యోగం ఉందనుకుంటున్నారు తమ్ముడూ. చేరేటప్పుడు ఫారంలో ఏ గడిలో టిక్కు పెట్టావ్?"

నిజమే, తొందరలో ఇంకో ఉద్యోగం ఉందని చెప్పే మూడో గడిలో పెట్టేశాను. బీఆర్ అంటే మినహాయింపేమీ లేకుండా జీతం మొత్తం మీద 20 శాతం కోత. అక్క స్లిప్పులో 1257ఎల్ అని ఉంది. ఆ అంకె చివర సున్నా చేరిస్తే 12,570. బ్రిటన్‌లో ఏడాదికి అన్ని పౌండ్ల దాకా పన్ను లేదు. నెలకు దాదాపు 1,047. మిగిలినదాని మీదే 20 శాతం. లెక్కన నాకు పడాల్సింది 90 పౌండ్లే. ఎల్ అంటే మామూలు మినహాయింపు. చివర ఎం1 ఉంటే తాత్కాలిక కోడ్. ముందు ఎస్ ఉంటే స్కాట్లాండ్ పన్ను రేట్లు, సీ ఉంటే వేల్స్‌వి.

మర్నాడే పన్నుల శాఖకు ఫోన్ చేశాను. మే స్లిప్పులో కోడ్ మారింది. ఎక్కువ కోసిన 210 పౌండ్లూ జీతంతోపాటే తిరిగొచ్చాయి. ఇప్పుడు స్లిప్పు రాగానే జీతం కన్నా ముందు కోడే చూస్తాను.