ముందే లెక్క చూసుకున్నవారు

గోదావరికి ఒక ఒడ్డున భద్రాచలం, ఎదుటి ఒడ్డున సారపాక. సారపాక పేరు చెప్పగానే మనకు గుర్తొచ్చేది ఐటీసీ పేపరు మిల్లు. అడవి అంచున ఉన్న ఈ ప్రాంతం నుంచి ఒక అమ్మాయి ప్రపంచ కప్పు దాకా వెళ్లింది. ఆమె పేరు గొంగడి త్రిష. 2005 డిసెంబరు 15న భద్రాచలంలో పుట్టింది.

2025లో మలేసియాలో జరిగిన అండర్-19 మహిళల టి20 ప్రపంచ కప్పులో త్రిష 309 పరుగులు చేసి, 7 వికెట్లు తీసి ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. స్కాట్లాండ్ మీద 59 బంతుల్లో 110 పరుగులు చేసి నాటౌట్‌గా మిగిలింది. ఈ టోర్నీ చరిత్రలో అదే మొదటి సెంచరీ. ఫిబ్రవరి 2న దక్షిణాఫ్రికాతో జరిగిన ఫైనల్లో 3 వికెట్లు తీసి, 44 పరుగులతో అజేయంగా నిలిచి కప్పు తెచ్చింది. ఆ తర్వాత తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయల నజరానా ప్రకటించింది.

చప్పట్లు మనమందరం విన్నాం. కానీ ఆ చప్పట్లకు ముందు చాలా ఏళ్లు గడిచాయి. త్రిష తండ్రి రామిరెడ్డి ఒకప్పుడు హాకీ ఆడినవారు, ఐటీసీలో ఫిట్‌నెస్ శిక్షకుడిగా పనిచేసినవారు. పాప చేతికి ప్లాస్టిక్ బ్యాటు ఇచ్చి బంతులు వేసిన మొదటి గురువు ఆయనే. ఆమెకు మంచి శిక్షణ కావాలని, చిన్న వయసులోనే ఆమెను తీసుకుని కుటుంబంతో సహా సికింద్రాబాద్ వెళ్లిపోయారు. ఉద్యోగం వదిలారు. సొంత జిమ్ అమ్మేశారు, పొలమూ అమ్మేశారు. అక్కడ సెయింట్ జాన్స్ అకాడమీలో కోచ్ జాన్ మనోజ్ దగ్గర త్రిష ఆట నేర్చుకుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ తండ్రి ఊరు విడిచిన రోజుల్లో అండర్-19 అమ్మాయిలకు ప్రపంచ కప్పే లేదు. మహిళల ప్రీమియర్ లీగూ లేదు. ఆ రెండూ మొదలైంది 2023లోనే. అంటే ఆయన ఏ కోటి రూపాయలనో చూసి పొలం అమ్మలేదు. బిడ్డలో ఉన్న వరాన్ని చూసి అమ్మారు.

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగిన మాట మనకు తెలుసు. దాన్ని మనం ఎప్పుడూ జాగ్రత్తపడమనే హెచ్చరికగానే వింటాం. కానీ లెక్క చూసుకోవడం వెనక్కి తగ్గడానికి మాత్రమే కాదు, ధర ఎంతో తెలిసి ధైర్యంగా ముందుకు సాగడానికి కూడా. మన సంఘాల్లోనూ పరుగెత్తే పిల్లలున్నారు, బంతి విసిరే ఆడపిల్లలున్నారు. కార్పొరేట్ కాలేజీ ఫీజుకు అప్పు చేసే మనం వాళ్లకు ఒక జత బూట్లు కొనడానికి ఎందుకు వెనకాడుతున్నాం? తలాంతు పాతిపెట్టడం తప్పని పిల్లలకు బోధిస్తూ, వాళ్ల తలాంతును మనమే పాతిపెట్టడం లేదా?

‘మరి ఆదివారం మాటేమిటి?’ అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. 2023 ఫైనల్, 2025 ఫైనల్ రెండూ ఆదివారమే జరిగాయి. మన బిడ్డ ఆ స్థాయికి ఎదిగితే ఏం చేయాలి?

న్యూజిలాండ్‌లో మైకేల్ జోన్స్ అనే విశ్వాసి ఉన్నాడు. ఆయన ఆట రగ్బీ. కోడిగుడ్డు ఆకారపు బంతిని పట్టుకుని పరుగెత్తే మోటు ఆట. 1987లో మొట్టమొదటి రగ్బీ ప్రపంచ కప్పు ఆడేనాటికి ఆయన వయసు 22 ఏళ్లు. ఆదివారం ఆడకూడదన్నది ఆయన నిర్ణయం. సెమీఫైనల్ ఆదివారం పడింది, ఆయన ఆడలేదు. ఫైనల్ శనివారం వచ్చింది, ఆడి స్కోరు చేశాడు, కప్పు గెలిచారు. అన్నిసార్లూ కథ అలా ముగియలేదు. 1991లో సెమీఫైనల్ మళ్లీ ఆదివారమే. ఆయన లేని జట్టు ఆస్ట్రేలియా చేతిలో ఓడింది. 1995లో కీలకమైన మ్యాచులు ఆదివారాల్లో ఉన్నందున ఆయనను ప్రపంచ కప్పు జట్టులోకే తీసుకోలేదు. ఆయన ఆటను విడిచిపెట్టలేదు, మాట మార్చుకోనూ లేదు. నష్టం వచ్చినప్పుడు భరించాడు.

ప్రతి కుటుంబం ఈ విషయంలో ఒకే నిర్ణయానికి రాకపోవచ్చు. కానీ మ్యాచ్ ముందు రోజు రాత్రి ఇంట్లో గొడవపడి చేసేది నిర్ణయం కాదు. బిడ్డకు బ్యాటు కొనిచ్చిన రోజే తల్లిదండ్రులు, బిడ్డ, కాపరి కలిసి కూర్చుని ప్రార్థించి మాట్లాడుకోవాలి. ఏది వదులుకోవాలో, ఏది వదులుకోకూడదో ముందే తెలిసి ఉండాలి. అలా కాకుండా ‘ఆటలు లోకసంబంధమైనవి’ అని ఒక్క మాటతో కొట్టిపారేస్తే, ఆ బిడ్డ ఆటతోపాటు ఆలయానికీ దూరమవుతుంది.

ఈ ఆదివారం ఆరాధన ముగిశాక ఆవరణలో ఆడుకునే పిల్లలను ఒకసారి నిలబడి చూద్దాం. వారిలో దేవుడు ఏ వరం ఉంచాడో గుర్తిద్దాం. దాని ధర ఎంతో లెక్క చూసుకుందాం. తర్వాత ఆ ధర చెల్లించడానికి వెనకాడకుండా ఉందాం.